వెనక్కి తిప్పిన పేజీలు

ఆ సంగీత పాఠశాల గోడల మీద బోలెడన్ని ఫోటోలున్నాయి. వాటిలో పిన్ని దొరకాలంటే కాస్త కళ్ళు చికిలించి వెతకాలి. ముందు ఎవరో పాడే పిల్ల నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది, లేకపోతే వయొలిన్ వాయించే ఆయన కళ్ళు మూసుకుని ఎక్కడో తేలిపోతుంటాడు. వాళ్ళ వెనక పియానో అంచు, ఆ అంచు మీదుగా ఒక మోచేయి. ఆ మోచేయే పిన్ని. ఫోటో తీసేవాళ్ళకి అంతకు మించి అక్కర్లేదు మరి. ఎవరు పాడినా, ఎవరు వాయించినా, చిన్న పిల్లలు నాట్యం పేరుతో గెంతినా, వెనక కూర్చుని వాళ్ళకి తోడు వాయించడం ఆవిడ ఉద్యోగం. అలా వాయిస్తూనే జుట్టు నెరిసింది.

పిల్లలంతా పిలిచే పూర్తి పేరు కాగితాల పిన్ని. ఆ పేరు పెట్టింది అక్క కొడుకు. వాడికి సొంత పిన్ని కాబట్టి పిన్ని అన్నాడు, భుజాన ఎప్పుడూ పాటల స్వరాలు రాసిన నొటేషన్ కాగితాల సంచీ వేలాడుతుంది కాబట్టి కాగితాలు తగిలించాడు. ఆ మాట పాఠశాల పిల్లల చెవిన పడింది, ఇంకేముంది, అంటుకుపోయింది. ఇప్పుడు కరెంటు బిల్లు తెచ్చే ఆయన కూడా కాగితాల పిన్నిగారున్నారా అని అడుగుతాడు.

ఆ సంచీ విప్పితే చిన్న దుకాణమే. అంచులకి టేపు అంటించిన కాగితాలు, ఎర్ర పెన్సిలు, రబ్బరు, రెండో కళ్ళజోడు, ఫ్యాను గాలికి పేజీలు ఎగిరిపోకుండా పెట్టుకునే బట్టల క్లిప్పులు. ఒకసారి పేరున్న గాయకుడొకాయన ఆ క్లిప్పులు చూసి, "ఏమ్మా, బట్టలు ఆరేసుకోవడానికి వచ్చారా?" అని వెటకారం చేశాడు. "మీరు ఉతకండి బాబూ, నేను ఆరేస్తాను" అంది పిన్ని. ఆయన ఆ పూట మళ్ళీ నోరెత్తలేదు, పాడటానికి తప్ప.

కాగితం ఎదురుగా ఉంటే చాలు, అంతకు ముందు కంటితో చూడనిదైనా పిన్ని తడుముకోకుండా వాయిస్తుంది. గొంతు బాగాలేదు, కాస్త శ్రుతి తగ్గించండి అంటే అప్పటికప్పుడే తగ్గించేస్తుంది, కళ్ళు చూసేది ఒకటి, వేళ్ళు వాయించేది ఇంకొకటి. అదే కాగితం లాగేశారనుకోండి, ఒక్క ముక్క రాదు. నిన్న సాయంత్రం గంటసేపు వాయించిన పాటైనా సరే, ఇవాళ బుర్రలో బూడిద కూడా మిగలదు.

అక్క సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్క అదే పాఠశాలలో పియానో టీచరు. ఒక పాట నేర్చుకోవాలంటే నెలల తరబడి ఒక్కో గీతా అరగదీసి, ఒకసారి తలకెక్కిందంటే పుస్తకం మూసి అటక మీద పడేసేది. ఇక ఆ పాట వేళ్ళలోనే ఉంటుంది. తన దగ్గర నేర్చుకునే పిల్లలకీ అదే చట్టం. స్టేజీ మీద కాగితం కనిపించడానికి వీల్లేదు. ఎవరైనా పిల్ల భయమేసి, "టీచర్, ఊరికే ఎదురుగా పెట్టుకుంటానండీ" అని నీళ్ళు నమిలితే, "అయితే మా చెల్లెలి దగ్గరికి పో, అక్కడ కాగితాల కొట్టు ఉంది" అనేది. ఇది పిన్ని పక్కనున్నప్పుడు కూడా అనేది.

ఈ చట్టం అసలు నాన్నది. నాన్న పాత పియానోలు బాగుచేసేవాడు. ముందుగది నిండా మీటలూడిన పియానోలు, తీగల చుట్టలు, జిగురు వాసన. బాగైన పియానోని తీసుకెళ్ళడానికి మనుషులు వచ్చేలోపు కూతుళ్ళిద్దరినీ దాని ముందు కూర్చోబెట్టేవాడు. పుస్తకం మూసి వాయిస్తేనే పాట నీదవుతుంది అనేవాడు. పెద్దదానికి వారంలో పాట వచ్చేసేది. చిన్నది పుస్తకం ముందుంటే చిలకలా వాయించేది, మూస్తే బిక్కమొహం వేసేది. దీనికి బుర్ర లేదని నాన్న తేల్చేశాడు.

పిన్నికి పన్నెండేళ్ళప్పుడు నాన్న పట్టుబట్టి స్టేజీ ఎక్కించాడు, పుస్తకం లేకుండా. సగం పాట బాగానే నడిచింది. ఆ తర్వాత ఏమీ లేదు. చేతులు మీటల మీద అలాగే ఉండిపోయాయి. హాల్లో ఎవరో దగ్గారు. అప్పుడు పక్కనుంచి అక్క వచ్చి, చెల్లెల్ని భుజంతో పక్కకి జరిపి, బల్ల మీద కూర్చుని, ఆగినచోటు నుంచి చివరిదాకా వాయించేసింది. హాలు దద్దరిల్లింది. నాన్న మురిసిపోయాడు. ఆ చప్పట్లన్నీ అయ్యేదాకా పిన్ని బల్ల పక్కనే నిలబడి ఉంది, ఎటు పోవాలో తెలియక. మళ్ళీ ఎన్నడూ ఒంటరిగా స్టేజీ మీద కూర్చోలేదు.

సరే, బతుకు నడిచింది. పిన్ని జిరాక్సు షాపు ఆయన్ని పెళ్ళి చేసుకుంది. కాగితాల పిన్నికి కాగితాల మొగుడు దొరికాడని అక్క నవ్వింది. అందరూ నవ్వారు, పిన్ని కూడా నవ్వింది. లోపల మాత్రం చురుక్కుమంది.

ఇక అసలు సంగతి. అక్క పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ఒక పెద్ద సొనాటా, పియానో ఒక్కదానికే రాసిన పొడుగాటి పాట. ఆ పాత సొనాటాలతో ఒక తంటా ఉంది. మొదట్లో వినిపించిన పాటే, మధ్యలో ఎక్కడెక్కడో తిరిగి, చివర్లో మళ్ళీ వస్తుంది. అవే స్వరాలు, అవే వేళ్ళు. ఒక్కచోట మాత్రం దారి చీలుతుంది. మొదటిసారి, మాటవరసకి, కుడిదారి పట్టాలి. రెండోసారి ఎడమదారి పట్టి ముగింపుకి పోవాలి. రెండోసారి కూడా కుడికి తిరిగారా, ఇక అంతే, మధ్యభాగం అంతా మళ్ళీ తిరిగి, మళ్ళీ ఆ చీలిక దగ్గరికే రావాలి. కాగితం చూసి వాయించేవాళ్ళకి ఈ తప్పు జరగమన్నా జరగదు. ఇది గుర్తుతో వాయించేవాళ్ళకొచ్చే జబ్బు.

పోయినేడు వార్షికోత్సవంలో అక్క కుడికి తిరిగింది. వేళ్ళకి గుర్తుండకపోయినా చెవికి ఆ పాట కొట్టిన పిండే కాబట్టి, ప్రేక్షకుల్లో కూర్చున్న పిన్ని ఉలిక్కిపడింది. మొదటి చుట్టులో, చెప్పొద్దూ, ఆవిడకి లోపలెక్కడో చల్లగా ఉంది. తిరుగు, బాగా తిరుగు అనుకుంది. చీలిక మళ్ళీ వచ్చింది. అక్క మళ్ళీ కుడికే పోయింది. ఈసారి అక్క మెడ వెనక చెమట మెరవడం కనిపించింది, పిన్నికి ఆ చల్లదనం కాస్తా ఆవిరైపోయింది. చివరికి అక్క ఎలాగో ఏదో ముగింపు అతికించి లేచి దణ్ణం పెట్టింది. "అబ్బ, ఎంత పెద్ద పాటండీ!" అన్నారు జనం. హాలు మొత్తం మీద జరిగింది తెలిసినవాళ్ళు ఇద్దరే, అక్కాచెల్లెళ్ళు. ఆ మాట అక్క ఎత్తలేదు, పిన్నీ ఎత్తలేదు.

ఈ ఏడు అక్క రిటైరవుతోంది. వీడ్కోలు సభలో ఆవిడే వాయించాలి, అదీ ఆ సొనాటాయే వాయించాలి అని ప్రిన్సిపాల్‌గారు గోడ మీద కాగితం అంటించేశారు. ఈసారి గానీ ఆ చుట్టులో ఇరుక్కుంటే, అన్నేళ్ళ ఉద్యోగంలో జనానికి మిగిలేది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం అక్క జిరాక్సు షాపుకొచ్చింది. చేతిలో అటక మీద దుమ్ము ఇంకా వదలని సొనాటా పుస్తకం.

"మరిదిగారూ, ఇది కాపీ తీయాలి. చిన్నగా. ఎంత చిన్నగా కుదిరితే అంత చిన్నగా."

"చీమలకి పాఠం చెప్తున్నారా వదినగారూ?" అన్నాడాయన.

పక్కనే కాగితాలకి పిన్నులు కొడుతున్న పిన్ని తలెత్తింది. పుస్తకాన్ని చూసింది, అక్క మొహం చూసింది. అర్థమైపోయింది.

"కాగితం పెట్టుకుంటావా?"

"నిలబెట్టను. పియానో మీద పడుకోబెడతాను. కింద కూర్చున్నవాళ్ళకి కనపడదు."

"వాళ్ళకి కనపడదు సరే, ఆ చీమల్ని నువ్వెలా చూస్తావు?"

అక్క గాజు బల్ల మీద గోరుతో గీసింది. "నాకు చూసి వాయించడం రాదే. ఎప్పుడూ అలవాటు లేదుగా. నువ్వు నేర్పాలి. ఆ రోజు పేజీలు కూడా నువ్వే తిప్పాలి."

"నేను పక్కన కూర్చుంటే జనానికి తెలిసిపోదూ?"

"నిన్నెవరు చూస్తారే!"

ఆ మాట అక్క కావాలని అనలేదు. అందుకే ఇంకా మండింది పిన్నికి. కావాలని అంటే ఎదురు అనొచ్చు. ఇది అలా కాదు, ఆకాశం నీలంగా ఉంటుందన్నట్టు అంది. పిన్ని పిన్నుల డబ్బా ఠకీమని మూసి, "నాకు ఖాళీ లేదు, పరీక్షల రోజులు" అనేసింది.

అక్క పుస్తకం తీసుకుని రెండు మెట్లు దిగింది. మళ్ళీ వెనక్కి తిరిగింది. "నాకు భయమేస్తోంది చెల్లీ. ఊరికే కూర్చున్నా ఆ చీలికే కళ్ళముందుకొస్తోంది. వంట చేస్తున్నా అక్కడికే వచ్చి ఆగిపోతున్నాను."

అక్క నోట భయం అన్న మాట వినడం పిన్నికి అదే మొదలు. కోపం పోలేదు గానీ, కాళ్ళు కదిలాయి. వెళ్ళి పుస్తకం లాక్కుని మొగుడి చేతిలో పెట్టింది. "పెద్దగా తీయండి. ఎంత పెద్దగా వస్తే అంత."

"మీ అక్క జ్ఞాపకశక్తిని పెద్దది చేసే మిషను నా దగ్గర ఉందని ముందే చెప్తే బోర్డు రాయించేవాణ్ణి కదా" అన్నాడాయన. అక్క కూడా నవ్వక తప్పలేదు.

సాధన పిన్ని ఇంట్లో, గోడకానుకున్న పాత పియానో మీద. ఆ రోజుల్లో పిన్ని తలప్రాణం తోకకొచ్చింది. రోడ్డు దాటుతున్న మనిషిని ఆపి ఏ కాలు ముందేస్తున్నావని అడిగితే ఎలా తడబడతాడో, అక్క వేళ్ళు అలా తడబడ్డాయి. ఏళ్ళ తరబడి నీళ్ళలా పారిన పాట, కాగితం చూడగానే గడ్డకట్టింది.

"చేతులు చూడకు. కళ్ళు ఎప్పుడూ ఒక గీత ముందుండాలి. చెయ్యి ఇక్కడ, కన్ను అక్కడ."

"కన్ను అక్కడుంటే ఇక్కడ ఏం వాయిస్తున్నానో ఎలా తెలుస్తుందే?"

"అది అయిపోయింది. అయిపోయినదాని గురించి నీకెందుకు?"

చీలిక ఉన్న చోట పిన్ని ఎర్ర పెన్సిలుతో ఒక బాణం గీసింది, బజారులో బోర్డంత. అయినా లాభం లేకపోయింది. సరిగ్గా దానికి ముందే ఎడమచెయ్యి మీటల మీద చాలా దూరం గెంతాలి. గెంతినప్పుడల్లా అక్క చేతుల్ని చూసుకునేది, కళ్ళెత్తేసరికి బాణం దాటిపోయేది. ఓ రోజు విసుగొచ్చి కాగితాలన్నీ కిందికి తోసేసింది. "ఇవి నన్ను ఇంకా పాడు చేస్తున్నాయి. నీలాగా బొమ్మలు చూసి వాయించే రకం కాదు నేను!"

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అవును, నువ్వు జనాన్ని తోసేసి వాయించే రకానివి! ఆ రోజు నన్ను తోసినట్టు!"

అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం వాడిపోయింది. "నిన్ను ఆదుకుందామనే కదే వచ్చాను."

"ఆదుకోవాలంటే తర్వాతి స్వరం చెవిలో చెప్తే సరిపోయేది. నన్ను లేపి కూర్చోవాలా?"

ఇన్నేళ్ళుగా లోపల కుక్కిన మాట బయటపడేసరికి పిన్నికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కింద పడ్డ కాగితాలు ఏరి వరసలో పెట్టింది. అక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇక రాదనుకుంది పిన్ని. మర్నాడు అదే వేళకి వచ్చి బల్ల మీద కూర్చుని, "ఎక్కడినుంచి?" అంది.

సభ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు, మొదటి వరసలో ప్రిన్సిపాల్‌గారు. పెద్ద కాపీలు పియానో మీద పడుకోబెట్టి ఉన్నాయి, అంచున బట్టల క్లిప్పులు. అక్క ఎడమవైపు కాస్త వెనక్కి కుర్చీ వేసుకుని పిన్ని కూర్చుంది. ఎవరూ ఆవిడని చూడలేదు, అక్క చెప్పినట్టే.

అక్క బాగా మొదలుపెట్టింది. నిజంగా బాగా వాయించింది. ఎంత కుళ్ళుకున్నా ఆ చేతులంటే పిన్నికి లోపల గౌరవమే. అక్క తలూపింది, పిన్ని పేజీ తిప్పింది. మొదటి చీలిక, కుడికి. మధ్యభాగం సాఫీగా పోయింది. మొదటి పాట తిరిగొచ్చింది. పిన్ని చూపు ఎర్ర బాణం మీద ఉంది. ఎడమచెయ్యి గెంతింది. అక్క చెయ్యి చూసుకుంది.

కుడికి తిరిగింది.

పిన్నికి రెండు గీతల ముందే తెలిసిపోయింది. ఎదురుగా ఉన్న పేజీకీ అక్క వాయించేదానికీ ఇక సంబంధం లేదు. అక్కకీ తెలిసింది, భుజాలు బిగుసుకున్నాయి. కళ్ళు కాగితం మీద అటూ ఇటూ వెతుకుతున్నాయి, వేళ్ళు మాత్రం వాటంతట అవే పోతున్నాయి.

పేజీ పట్టుకున్న పిన్ని చెయ్యి గాలిలో ఆగింది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. కాగితం పెట్టుకుని కూడా తప్పిందని పాత విద్యార్థులందరూ చూస్తారు. బల్ల పక్కన ఎటు పోవాలో తెలియకపోతే ఎలా ఉంటుందో అక్కకీ ఒకసారి తెలుస్తుంది. ఈ ఆలోచన రావడం, పిన్నికి అందులో తీపి తగలడం, రెండూ నిజమే. దాచిపెట్టి లాభం లేదు.

తర్వాత ఆ చెయ్యి కదిలింది. ముందుకి కాదు. క్లిప్పులు రెండూ పీకి ఒళ్ళో పడేసుకుని, పిన్ని పేజీలు వెనక్కి తిప్పింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, హాల్లో అందరూ చూస్తుండగా, గబగబా, మొదటి చీలిక తర్వాతి పేజీ దాకా. అక్క సరిగ్గా ఎక్కడ వాయిస్తోందో ఆ గీత మీద వేలు పెట్టింది. అక్క కళ్ళు ఆ వేలి మీద పడ్డాయి. భుజాలు దిగాయి.

అలా ఇద్దరూ కలిసి మధ్యభాగం మొత్తం మళ్ళీ తిరిగారు. చీలిక మళ్ళీ దగ్గరికొస్తుంటే పిన్ని కుర్చీలోంచి సగం లేచి, అక్క చెవి దగ్గరికి వంగింది. ఎడమచెయ్యి గెంతేముందే, "చెయ్యి చూడకు, నేను చూస్తున్నా. ఎడమకి" అంది. అక్క తలెత్తి కాగితం మీదే చూపు నిలిపి, చెయ్యిని దాని మానాన వదిలేసింది. అది పడాల్సిన చోటే పడింది. పాట ఎడమకి తిరిగి ముగింపుకి చేరింది.

చప్పట్లయ్యాక మేకప్ గదిలోకి జనం తోసుకొచ్చారు. ప్రిన్సిపాల్‌గారు చేతులు జోడించి, "మీకు కాగితాలెందుకండీ, ఊరికే అలంకారానికి పెట్టుకున్నారు గానీ! ఈ వయసులో ఏం జ్ఞాపకశక్తి!" అన్నారు.

"ఎక్కడి జ్ఞాపకమండీ?" అంది అక్క, చుట్టూ ఉన్న పిల్లలందరికీ వినపడేలా. "మధ్యలో దారి తప్పాను. పోయినేడూ తప్పాను, మీకు తెలీదు. ఇవాళ మా చెల్లెలు వెనక్కొచ్చి తీసుకొచ్చింది. ఇదే లేకపోతే ఇంకా అక్కడే తిరుగుతూ ఉండేదాన్ని."

ప్రిన్సిపాల్‌గారు ముక్కున వేలేసుకున్నారు. పిల్లలు టీచరు మొహం, పిన్ని మొహం మార్చి మార్చి చూశారు. పిన్ని ఎటు చూడాలో తెలియక సంచీలో కాగితాలు సర్దడం మొదలుపెట్టింది, సర్దినవే మళ్ళీ సర్దింది.

జనం పలచబడ్డాక ఇద్దరే మిగిలారు. అక్క చెప్పులు వదిలి కాళ్ళు చాపుకుంది. పొగిడించుకున్న మాటలు పిన్నికి మింగుడు పడలేదు.

"అక్కా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. అక్కడ నువ్వు తప్పినప్పుడు... నిన్ను వదిలేద్దామనుకున్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"నీ చెయ్యి ఆగిపోయిందిగా. చూశాను."

పిన్నికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. "చూసి కూడా... మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తానే?" అంది అక్క. "నువ్వొచ్చేదాకా వాయిస్తూ ఉన్నాను."